వినబడే తెలుగుకు నిలబడే హక్కు

(సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువులోను, రాజకీయాలలోను, సంగీతంలోను ధ్వనికి ఉన్న స్థానాన్ని గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. నేను గాయకుణ్ని కాను, ఆకాశవాణి ఉద్యోగినీ కాను. చట్టపుస్తకాల నడుమ బతుకు వెళ్లదీసే న్యాయవాదిని. అయినా ఒప్పుకొన్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సరిహద్దులకు ఆవల తరతరాలుగా స్థిరపడి ఉన్న మనకు తెలుగు ఇవాళ ఎక్కడ మిగిలి ఉంది అని అడిగితే, ఎక్కువ ఇళ్లలో వచ్చే జవాబు ఒక్కటే. చెవిలో మిగిలింది, నోటిలో మిగిలింది. పలకమీద మిగలలేదు. హోసూరులో, కోలారులో, బళ్లారిలో, బరంపురంలో, షోలాపూరులో, సిరొంచలో ఎక్కడ చూసినా ఇదే స్థితి. కాబట్టి ధ్వనిని గురించిన మాట మన ఇంటి మాటే, మన వ్యాజ్యపు మాట కూడా.

“మాట్లాడతాం గానీ చదవడం రాదండీ” అని మనవాళ్లు తల దించుకొని చెబుతుంటారు. ఆ తల దించుకోవలసిన పని లేదని చెప్పడం ఈ రోజు నా మొదటి పని. అలాగని అక్కడితో తృప్తిపడి కూర్చుంటే ఆ మాట్లాడడం కూడా పోతుందని చెప్పడం రెండవ పని.

చట్టం విన్నది మాటనే

మన దేశంలో మాతృభాషను లెక్కించేది జనగణన. ఆ లెక్కలో మాతృభాష అంటే ఏమిటి? బాల్యంలో తల్లి ఆ వ్యక్తితో ఏ భాష మాట్లాడిందో అది. ఈ నిర్వచనంలో లిపి లేదు, పాఠ్యపుస్తకం లేదు, పరీక్షలో వచ్చిన మార్కులు లేవు. తల్లి గొంతు ఉంది. 2011 జనగణనలో దేశం మొత్తం మీద 8 కోట్ల 11 లక్షల మంది తెలుగును మాతృభాషగా చెప్పారు. వారిలో 42 లక్షల మందికి పైగా తమిళనాడులోను, 35 లక్షల మందికి పైగా కర్ణాటకలోను ఉన్నారు. ఆ లెక్కలోకి ఎక్కినవారందరికీ తెలుగు అక్షరాలు వచ్చునని ఎవరూ అనరు. ఉన్నది వారు విన్న భాష, ఆడే భాష.

రాజ్యాంగం 29వ అధికరణం తమదైన భాషగాని, లిపిగాని, సంస్కృతిగాని ఉన్న ప్రతి పౌరసమూహానికి వాటిని కాపాడుకొనే హక్కు ఇచ్చింది. అక్కడ ఉన్న ‘గాని’ని గమనించండి. మూడూ కలిసి ఉండాలని అనలేదు. 1971లో డి.ఎ.వి. కళాశాల, పంజాబు రాష్ట్రం మధ్య నడిచిన వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం ఈ సంగతిని ఇంకా తేటగా చెప్పింది. భాషాపరమైన అల్పసంఖ్యాకులని అనిపించుకోవడానికి ఒక సమూహానికి కనీసం వేరుగా మాట్లాడే భాష ఉండాలి, ఆ భాషకు వేరే లిపి ఉండితీరవలసిన అవసరం లేదు అన్నది ఆ తీర్పు సారాంశం. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి పి. జగన్మోహనరెడ్డి గారు తెలుగువారు.

ఈ తీర్పు కాగితం మీదనే ఉండిపోలేదు. కొన్నేళ్ల కిందట ఒక సరిహద్దు గ్రామం నుండి కొందరు తండ్రులు నా దగ్గరకు వచ్చారు. తమ పిల్లలకు బడిలో తెలుగు నేర్పే ఉపాధ్యాయుణ్ని వేయమని వారు ఇచ్చుకొన్న అర్జీ తిరిగి వచ్చింది. ఆ పిల్లలకు తెలుగు చదవడం రాదు గనుక తెలుగు వారి మాతృభాష అని నమ్మడానికి ఆధారం లేదని ఒక అధికారి రాశారు. చదవడం వచ్చినవారైతే నేర్పమని అడిగే పని ఏముంటుంది? మేము ఇంటింటికీ తిరిగి, పిల్లల పేర్లు, ఇంట్లో పలికే భాష, తల్లిదండ్రుల సంతకాలు, వేలిముద్రలు సేకరించి, 1971 తీర్పు ప్రతిని జతచేసి మళ్లీ సమర్పించాం. రెండవసారి వచ్చిన జవాబులో మాతృభాషను గురించిన సందేహం లేదు. ఉపాధ్యాయుల కొరత ఉందని మాత్రమే ఉంది. కొరత మీద పోరాడడం వేరు, మన ఉనికినే కాదన్నవారితో పోరాడడం వేరు. మొదటిది సాగించగలిగిన పోరాటం.

చదువులో వినికిడి

బడి భాషకూ నోటి భాషకూ ఎడం ఉంటే పిల్లవాడు నష్టపోతాడని నూరేళ్ల కిందటే వాదించినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆయన తన జీవితంలో ఎక్కువ భాగం గడిపింది ఈనాడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో. అక్కడ ఆయన సవరల మాటను చెవితో విని నేర్చుకొన్నారు, లిపి లేని ఆ భాషలోని ధ్వనులను ఒక్కొక్కటిగా గుర్తించి రాతలో పెట్టారు, దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. సరిహద్దు గీత మనిషిని ఎలా కోస్తుందో ఆయనకు తెలుసు. అయినా ఆయన మనకు వదిలి వెళ్లిన పాఠం ఫిర్యాదు కాదు, పద్ధతి. ముందు విను, విన్నదాన్ని గౌరవించు, అక్కడి నుండి అక్షరానికి నడిపించు.

ఆ పద్ధతిని రేడియో కొంతవరకు పాటించింది. 1938 జూన్ 16న మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది. ఆ కేంద్రం నుండే న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా తెలుగు పిల్లలను పలకరించారు. మద్రాసు రాజధానిలోని తెలుగు బిడ్డకు అప్పుడు ఆ గొంతు తన గొంతే. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడ్డాయి. బడులు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర భాష వెంట నడిచాయి. కాని రేడియో తరంగం చెక్‌పోస్టు దగ్గర ఆగే లారీ కాదు. కడప కేంద్రం, విజయవాడ కేంద్రం పలికిన పలుకు సరిహద్దు ఊళ్లలో తెలుగును నిలిపిన సంగతి ఈ సభలోని పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘విందాం నేర్చుకుందాం’ అనే రేడియో పాఠాలు ప్రాథమిక పాఠశాలలకు వచ్చాయి. కర్ణాటకలో ‘చిన్నర చుక్కి’, ‘కేళి కలి’ అనే కన్నడ రేడియో పాఠాలు వచ్చాయి. మంచి ప్రయత్నాలే. అయితే మన పిల్లవాడి సంగతి ఆలోచించండి. సరిహద్దుకు ఈవల బడిలో వినిపించే పాఠం అతని ఇంటి భాషలో లేదు. అవతల అతని భాషలో వినిపించే పాఠం అతని తరగతి పుస్తకంతో కలవదు. రెండు రాష్ట్రాల నడుమ ఆ బిడ్డ ఎవరి లెక్కలోకీ రాడు.

ఇక్కడ మన హక్కులు తెలిసి ఉండాలి. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం ఒప్పుకొంది. ఒక బడిలో 40 మందిగాని, ఒక తరగతిలో 10 మందిగాని అల్పసంఖ్యాక భాష మాట్లాడే పిల్లలు ఉంటే ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుణ్ని కనీసం ఒకరిని నియమించాలి. 1956లో ఏడవ రాజ్యాంగ సవరణ ద్వారా 350ఎ అధికరణం చేరింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది నిర్దేశించింది. 350బి అధికరణం మన గోడు వినడానికి ఒక ప్రత్యేకాధికారిని ఏర్పరచింది. ఉపాధ్యాయుణ్ని కోరే ప్రతి అర్జీలోను, ఉపాధ్యాయుడు వచ్చే లోపల వారానికి కొన్ని గంటలైనా తెలుగులో వినే పాఠాలు, కథలు, పద్యాలు తరగతిలో వినిపించమని కూడా కోరుదాం. దానికి భవనం అక్కరలేదు. ఒక చిన్న స్పీకరు, ఒక ఫోను చాలు. అయితే ఇది ఉపాధ్యాయునికి బదులు కాదు, అతడు వచ్చేదాకా వేసిన వంతెన మాత్రమేనని అర్జీలోనే రాయాలి. లేకపోతే వంతెననే ఊరని చూపించేవారు ఉంటారు.

ఇంకొక మాట. 2006లో తమిళనాడు చేసిన తమిళ అభ్యసన చట్టం వంటివి వచ్చినప్పుడు మనలో కొందరు ఆ రాష్ట్ర భాషమీదనే కోపం తెచ్చుకొంటారు. అది తగదు. తమిళనాట పుట్టిన మన బిడ్డ తమిళం బాగా నేర్వాలి, కన్నడ సీమలో పుట్టిన బిడ్డ కన్నడం బాగా నేర్వాలి. మనం అడిగేది ఆ భాషను తీసివేయమని కాదు, అమ్మ భాషకు కూడా ఒక పీట వేయమని.

రాజకీయంలో గొంతు

పాలకులు గొంతు విలువను మనకంటె బాగా ఎరుగుదురు. 1940లలో ప్రజానాట్యమండలి దళాలు బుర్రకథను ఊరూరా వినిపించినప్పుడు ప్రభుత్వం దానిని నిషేధించింది. కరపత్రం చదివేవారు కొందరే, షేక్ నాజర్ కథ చెబితే వినేవారు వేలమంది. నిషేధించినవారికి ఈ తేడా తెలుసు. 1977 లోక్‌సభ ఎన్నికల నుండి గుర్తింపు పొందిన పార్టీలకు ఆకాశవాణిలో ప్రసంగించే సమయం ఇస్తున్నారు. ఎన్నికలు వస్తే మన వీధుల్లోకి మైకు కట్టిన ఆటోలు వస్తాయి. మన ఓట్లు ఎక్కువగా ఉన్న వీధిలో ఆ మైకు చక్కని తెలుగు పలుకుతుంది. పోలింగు ముగిసిన మరునాటి నుండి రేషను కబురు, పింఛను కబురు, భూముల సర్వే కబురు మరో భాషలో వస్తాయి. ఓటు అడిగేటప్పుడు వచ్చిన తెలుగు, హక్కు చెప్పేటప్పుడు ఎందుకు రాదు?

భాషాపరమైన అల్పసంఖ్యాకుల రక్షణలలో ఒకటుంది. ఒక జిల్లాలోగాని, అంతకంటె చిన్న ప్రాంతంలోగాని జనాభాలో 15 శాతానికి తగ్గకుండా మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నియమాలను, ప్రకటనలను అనువదించి ప్రచురించాలి. యానాంలో దీనికంటె గట్టి ఆధారం ఉంది. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషా చట్టం అక్కడ తెలుగు వాడకానికి చోటిచ్చింది. మిగతా చోట్ల మనం ఈ 15 శాతం లెక్కను పట్టుకోవాలి. అయితే ‘ప్రచురించాలి’ అన్న మాట దగ్గర ఆగిపోకూడదు. అక్షరాలు రాని తెలుగువారికి గోడమీద అంటించిన తెలుగు కాగితం కూడా మూగదే. మన పూర్వులకు ఊరి చాటింపు ఉండేది. టముకు కొట్టి, నలుగురూ వినేలా చెప్పేవారు. ప్రకటన తెలుగులో అచ్చు కావాలి, తెలుగులో చాటాలి కూడా. ఈ కోరికను మన సంఘాలు స్థానిక సంస్థల ముందు పెట్టాలి.

ఇది గౌరవానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, ప్రాణాలకు సంబంధించినది. గంజాం తీరంలోను, పూరీలోని పెంఠకటలోను తెలుగు మాట్లాడే మత్స్యకారులు ఉన్నారు. 1999 అక్టోబరు 29న ఒడిశాను కొట్టిన పెను తుఫానులో సుమారు 10 వేలమంది మరణించారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ముందే హెచ్చరించి, లక్షలమందిని సురక్షిత స్థలాలకు తరలించడం వల్ల అది సాధ్యమైంది. యానాం, కోనసీమ ప్రజలకు 1996 నవంబరు 6 నాటి తుఫాను జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. హెచ్చరిక అనేది చదివించే వస్తువు కాదు, వినిపించే వస్తువు. అర్ధరాత్రి గాలిలో వచ్చిన ఆ మాట వెంటనే బోధపడే భాషలో ఉండాలి. తీరంలో తెలుగువారున్న ప్రతి చోటా హెచ్చరిక తెలుగులో కూడా వినిపించమని కోరడం ఏ రాష్ట్రానికీ వ్యతిరేకం కాదు.

సంగీతం చెప్పే హెచ్చరిక

ఇక సంగీతం. మనం ఎక్కువగా గర్వపడేది ఇక్కడే. త్యాగరాజస్వామి తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో జీవించి, కావేరి ఒడ్డున తెలుగులో పాడుకొన్నారు. ఏటా పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో వందలాది విద్వాంసులు ఒక్క గొంతుతో ఆయన కృతులు పాడుతారు, ఆకాశవాణి దానిని దేశానికి వినిపిస్తుంది. తంజావూరు దగ్గరి మెలట్టూరులో భాగవత మేళ నాటకాలు ఈనాటికీ తెలుగులోనే ఆడుతారు. ఇంతకంటె ఏం కావాలి అని మనకు అనిపిస్తుంది.

కాని ఒక్క ప్రశ్న వేసుకోండి. ఆ తిరువయ్యారు చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలలో ఎందరు ఆ కృతిని తెలుగు లిపిలో చదువుకోగలరు? ఎందరు దాని అర్థం చెప్పగలరు? తెలుగు ధ్వని సభలలో సింహాసనం మీద ఉంది, తెలుగు బిడ్డకు బడిలో బల్ల లేదు. 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడినప్పుడు మనవారు కొందరు నొచ్చుకొన్నారు. తమ కచేరీలలో తమకు అర్థమయ్యే భాష వినబడాలని తమిళులు కోరారు. ఆ కోరికలో న్యాయం ఉంది. దాన్ని శత్రుత్వంగా చూడడం కంటె దాని నుండి నేర్చుకోవడం మేలు. పాట చెవికి ఇంపుగా ఉంటే చాలదని, మనసుకు తెలియాలని వారు గుర్తించారు. మనం కూడా గుర్తించాలి.

భాష ఒక ఇంటి నుండి వెళ్లిపోయేటప్పుడు ఒక వరుసలో వెళుతుంది. ముందు రాయడం పోతుంది, తరువాత చదవడం పోతుంది. మూడవ తరంలో పిల్లవాడు అవ్వ అడిగినది అర్థం చేసుకొంటాడు గాని జవాబు మరో భాషలో ఇస్తాడు. అంటే మాట్లాడడం కూడా పోయింది, వినడం ఒక్కటే మిగిలింది. నాలుగవ తరంలో అదీ ఉండదు. పెళ్లి పాటలో, భజనలో, సినిమా పాటలో రాగం మాత్రం మిగులుతుంది. మన ఇళ్లు ఈ వరుసలో ఎక్కడున్నాయో ఎవరికి వారు చూసుకోవాలి.

మన గొంతుకు మన నిలయం

మరి చేయవలసింది ఏమిటి? 1995లో సర్వోన్నత న్యాయస్థానం, క్రికెట్ ప్రసారాలను గురించి వచ్చిన వ్యాజ్యంలో, వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో జీవన్‌రెడ్డి గారు ఒకరు. ఆ తరువాత 2002లో విద్యాసంస్థలకు, 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకు సముదాయ రేడియో పెట్టుకొనే అవకాశం వచ్చింది. 2006 నిబంధనల ప్రకారం సంస్థకు కనీసం 3 ఏళ్ల సేవా అనుభవం ఉండాలి, కనీసం సగం కార్యక్రమాలు స్థానికంగా తయారు కావాలి, అవి వీలయినంతవరకు స్థానిక భాషలో, స్థానిక మాండలికంలో ఉండాలి. చిన్న ప్రసారిణి, కొద్ది కిలోమీటర్ల మేర వినబడుతుంది. సొంత వార్తలకు, రాజకీయ ప్రచారానికి చోటు లేదు. ఆ తరువాత సవరణలు కూడా జరిగాయి గనుక అర్జీ పెట్టేవారు తాజా నిబంధనలు చూసుకోవాలి.

ఇది కలగా తోస్తే రెండు ఊళ్లను చూడండి. కోలారు జిల్లా బూదికోటలో 2003లో ‘నమ్మ ధ్వని’ మొదలైంది. అప్పటికి స్వచ్ఛంద సంస్థలకు గాలిలో ప్రసారం చేసే అనుమతి లేదు. ఊరివాళ్లు కేబుల్ తీగ ద్వారా తమ గొంతును ఇళ్లకు చేర్చుకొన్నారు. కర్ణాటక సరిహద్దుకు దగ్గరలోని జహీరాబాదు ప్రాంతంలో, మాచనూరు గ్రామంలో, దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలుపెట్టింది. అనుమతి రాకముందు ఏళ్ల తరబడి వారు తమ పాటలు, విత్తనాల ముచ్చట్లు, వైద్యపు మాటలు టేపుల మీద రికార్డు చేసి సంఘాల సమావేశాలలో వినిపించుకొన్నారు. తమ యాసను ఎవరికోసమూ దిద్దుకోలేదు. హోసూరు తెలుగు, బళ్లారి తెలుగు, షోలాపూరు సాలెవారి తెలుగు, బరంపురం తెలుగు కూడా అలాగే, దిద్దుకోకుండా వినబడాలి. హైదరాబాదు టీవీలో వచ్చే తెలుగు మనకు ఇష్టమే. కాని మన చెరువు పేరు, మన జాతర, మన పంట ధర ఆ తెలుగులో ఎన్నడూ రావు.

నిలయం వచ్చేదాకా ప్రతి ఇల్లూ చేయగల పనులు మూడు ఉన్నాయి. ఒకటి, ఇంట్లోని పెద్దల మాటను, పాటను, సామెతను, వృత్తి పదాలను వారి అనుమతితో ఫోనులో రికార్డు చేయండి. ఎవరు పలికారు, ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు రికార్డు చేశారు అన్నవి రాసి పెట్టండి. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ విభాగం ప్రకారం, తగిన ధ్రువపత్రం ఉంటే ఇలాంటి రికార్డు న్యాయస్థానంలో సాక్ష్యంగా చెల్లుతుంది. అసలు ప్రతిని చెరపకండి. రెండు, 2025 జూన్‌లో వెలువడిన నోటిఫికేషన్ రాబోయే జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా నిర్ణయించింది. మాతృభాష అడిగినప్పుడు తడుముకోకుండా తెలుగు అని చెప్పండి, ఏమి రాశారో చదివి వినిపించమని అడగండి. మూడు, రికార్డు చేసిన అవ్వ పాటను పిల్లలకు వినిపించి, అదే పాటను వారి చేత తెలుగు అక్షరాలలో రాయించండి. రోజుకు ఒక్క పంక్తి చాలు.

మూడవది అన్నిటికంటె చిన్నదిగా కనిపిస్తుంది. నా దృష్టిలో అదే పెద్దది. మొదటి రెండు మన హక్కును నిరూపిస్తాయి. మూడవది ఆ హక్కును అనుభవించడానికి మనిషిని తయారు చేస్తుంది. న్యాయస్థానం ముందు వాదించడానికి మావంటివారు ఉన్నాం. పిల్లవాడి పక్కన కూర్చొని ‘అ’ దిద్దించే పని మాత్రం ఏ వకీలుకూ అప్పగించలేరు.